మీకు తెలుసా? పుట్టపర్తి పిల్లలకు ట్రంపెట్ నేర్పిన మేనార్డ్ ఫెర్గూసన్, ఇంకొందరు పలువాద్యాల వాళ్ళు

'రాకీ' ట్యూన్ ఊదినాయన మన జిల్లాలో బ్యాండు మాస్టారు

'రాకీ' సినిమా చూడనివాళ్ళు కూడా దాని బాకా ట్యూన్ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. బిల్ కాంటీ కట్టిన ఆ బాణీని తన బృందంతో వాయించి, 1977లో అమెరికా పాప్ పాటల పట్టికలో 28వ స్థానం దాకా ఎక్కించినాయన మేనార్డ్ ఫెర్గూసన్. కెనడాలో మాంట్రియల్ దగ్గర 1928లో పుట్టారు. సత్యసాయిబాబాను గురువుగా భావించారు. ఏళ్ళ తరబడి పుట్టపర్తికి వస్తూ పోతూ, అక్కడి విద్యాసంస్థలో చదివే పిల్లలకు పాఠాలు చెప్పి, వాళ్ళ బ్రాస్ బ్యాండును దగ్గరుండి తీర్చిదిద్దారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు పుట్టపర్తి మన అనంతపురం జిల్లాలోదే. మన శింగనమల నుంచి ఇంచుమించు వంద కిలోమీటర్లు. అంత పేరున్న వాద్యకారుడు ఇంత దగ్గర్లో పాఠాలు చెప్పాడన్న సంగతి మన జిల్లా చరిత్రలు రాసేవాళ్ళు ఒక్క పేరాలోనైనా రాయాలి.

ఎన్ని బృందాలు మారారో

పియానో, వయొలిన్ నాలుగేళ్ళకే పట్టిన పిల్లవాడు. తొమ్మిదో ఏట చర్చిలో కార్నెట్ వినగానే మనసు దానిమీదికి పోయింది. పదమూడేళ్ళకు కెనడా రేడియో ఆర్కెస్ట్రాతో సోలో వాయించాడు. అమెరికా వెళ్ళాక బాయిడ్ రేబర్న్, జిమ్మీ డార్సీ, చార్లీ బార్నెట్ బృందాల్లో వరసగా పనిచేశారు. 1950 నుంచి 1953 దాకా స్టాన్ కెంటన్ దగ్గర. ఆపైన పారమౌంట్ స్టూడియోలో సినిమా సంగీతం. 'టెన్ కమాండ్‌మెంట్స్' (1956)లో మోగే ట్రంపెట్లలో ఆయనదీ ఉంది. తర్వాత సొంత బృందం పెట్టుకున్నారు. 1970లో 'వెదర్ రిపోర్ట్' బ్యాండు పెట్టి జాజ్‌నూ రాక్‌నూ కలిపిన జో జావినుల్, వేన్ షార్టర్ ఇద్దరూ 1959లో ఈయన దగ్గర కొలువు చేసినవాళ్ళే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో జ్యోతిని ఆర్పే వేళ ట్రంపెట్ ఊదింది కూడా ఈయనే.

ఒక్క మనిషి అన్ని ఎలా ఊదగలడు?

ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్, వాల్వ్ ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, బారిటోన్, మధ్యమధ్య సాక్సఫోన్. ఫెర్గూసన్ వీటిని ఒకే కచేరీలో మార్చి మార్చి వాయించేవారు. ఇందులో సులువు ఎంతో, కష్టం ఎంతో తెలిస్తే ఆయన గొప్పతనం ఇంకా బాగా తెలుస్తుంది.

మన సన్నాయిలో వణికేది పీక. క్లారినెట్‌లో రీడు. ట్రంపెట్‌లో ఆ రెండూ లేవు, వణికేది మనిషి పెదవులే. ట్రంపెట్ చుట్టలన్నీ విప్పి సాగదీస్తే గొట్టం దాదాపు మీటరున్నర ఉంటుంది. ఒక్క వాల్వూ నొక్కకుండా, పెదవి బిగువు మార్చుకుంటూనే కొన్ని స్వరాలు తీయొచ్చు. పోలీసుల బ్యూగిల్ అంతవరకే. మిగతా స్వరాల కోసం మూడు వాల్వులు. నడిమిది నొక్కితే శ్రుతి అరమెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే మెట్టున్నర. ఫ్లూగల్‌హార్న్‌కూ బారిటోన్‌కూ వేళ్ళ లెక్క ఇదే. కాబట్టి ఒకటి వచ్చినవాడికి రెండోదాని మీద వేళ్ళు అవే నడుస్తాయి.

చిక్కంతా మౌత్‌పీసు దగ్గర. ట్రాంబోన్ మౌత్‌పీసు వెడల్పు, ట్రంపెట్‌ది ఇరుకు. పెద్దదాని మీద కాసేపు ఊదితే పెదవి సడలుతుంది. ఆ వెంటనే చిన్నదానికి వస్తే పైస్థాయి స్వరాలు పలకనంటాయి. అందుకే ఇత్తడి వాద్యాల వాళ్ళలో చాలామంది ఒకదానికే కట్టుబడతారు. ఫెర్గూసన్‌కు పేరు తెచ్చినవి సరిగ్గా ఆ పైస్థాయి స్వరాలే. ట్రాంబోన్ దించి ట్రంపెట్ ఎత్తిన మరుక్షణం ఆయన తారస్థాయికి పోగలిగేవారు.

జారే ట్రంపెట్, జారే ట్రాంబోన్

వాల్వు నొక్కితే స్వరం ఒక్కసారిగా మారుతుంది, జారదు. గమకం తెలిసిన చెవికి అక్కడ వెలితి తగులుతుంది. ట్రాంబోన్ గొట్టం జారుతుంది గానీ వేగం తక్కువ. ఈ రెండింటినీ ఒకే వాద్యంలో పెట్టించారు ఫెర్గూసన్. ఎడమచేతి వేళ్ళకు వాల్వులు, కుడిచేతికి జారుడు గొట్టం. అమెరికాలోని హోల్టన్ కంపెనీ తయారుచేసిన ఆ వాద్యం పేరు 'సూపర్‌బోన్'. అంతకుముందు బ్రాడ్ గోవన్స్ అనే ట్రాంబోన్ వాద్యకారుడు ఇలాంటి దాన్నే చేసుకున్నాడు. దాన్ని బాగుచేసి జనంలోకి తెచ్చింది ఫెర్గూసనే. ట్రంపెట్‌కు కూడా జారుడు గొట్టం పెట్టించి 'ఫైర్‌బర్డ్' అన్నారు. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేస్తూ, పెదవి మూడో పని చేయాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ చేసి చూస్తే తెలుస్తుంది.

ముప్పై ఆరో మేళకర్త పేరుతో ఒక ఇంగ్లండు పాట

1960ల చివర్లో ఫెర్గూసన్ కుటుంబంతో సహా అమెరికా వదిలి మన దేశానికి వచ్చారు. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడిలో పాఠాలు చెప్పారు. విదేశీ రాతల్లో ఇది 'మద్రాసు దగ్గరి బడి'. మద్రాసు అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైమాటే, పక్కనున్నది మదనపల్లె. ఆయన జీవితంలో రాయలసీమ పేరు ఇలా మరుగునపడింది.

ఇక్కడినుంచి ఇంగ్లండు వెళ్ళి కొత్త బృందం కట్టారు. 1970లో వచ్చిన 'ఎం.ఎఫ్. హార్న్' అనే ఆ రికార్డులో అప్పటి పాప్ పాటలు జోరుగా ఉంటాయి. వాటి నడుమ ఒక పాట పేరు 'చలనాట'. మన కర్ణాటక సంగీతంలో ముప్పై ఆరో మేళకర్త అదే. త్యాగరాజ పంచరత్నాల్లో మొదటి కీర్తన నాట రాగంలో ఉంది, ఆ నాటకు తల్లి ఈ చలనాట. దేవుడి ఊరేగింపులో నాదస్వరం మీద మల్లారి మోగే గంభీరనాట కూడా ఆ ఇంటి బిడ్డే. ఒక కెనడా ట్రంపెట్ విద్వాంసుడు ఇంగ్లండులో చేసిన రికార్డు అట్ట మీద ఈ పేరు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మదనపల్లెలో జనగణమన

ఒక చిన్న సంగతి, అదే దారిలో ఉంది గనక. 1919లో టాగూర్ మదనపల్లె కాలేజీలో ఉన్నప్పుడు 'జనగణమన'కు పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసింది ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. సీమకు పడమటి సంగీతంతో చుట్టరికం ఫెర్గూసన్‌తో మొదలు కాలేదు.

భర్త మరణించాక ఇంటికి చేరిన హార్ప్

పుట్టపర్తి బాబా భక్తుల్లో ఇంకొక పెద్ద పలువాద్యాల మనిషి ఆలిస్ కోల్ట్రేన్. 1937లో డెట్రాయిట్‌లో పుట్టిన ఈమె పియానో విద్వాంసురాలు. 1966లో భర్త జాన్ కోల్ట్రేన్ బృందంలో పియానో దగ్గర కూర్చున్నారు. మరుసటి ఏడాది జూలైలో ఆయన పోయారు. ఆమె కోసం ఆయన చేయించమన్న పెద్ద హార్ప్ ఆ తర్వాతే ఇంటికి వచ్చింది. దాన్ని సాధన చేసి, జాజ్‌లో హార్ప్ వాయించిన అతికొద్దిమందిలో ఒకరయ్యారు. తర్వాత ఆర్గన్, సింథసైజర్. కాలిఫోర్నియాలో ఆశ్రమం కట్టుకుని, తురీయసంగీతానంద అన్న పేరుతో, సింథసైజర్ మీద మన నామసంకీర్తనలు చేశారు. ఆశ్రమం పేరు సాయి అనంతం.

ఆ భజనల టేపులు చాలాకాలం ఆశ్రమం వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. 2017లో లువాకా బాప్ కంపెనీ వాటిలో కొన్నిటిని విడుదల చేసింది. ఆ కంపెనీ పెట్టింది 'టాకింగ్ హెడ్స్' రాక్ బ్యాండు గాయకుడు డేవిడ్ బర్న్. అప్పటినుంచి ఇండీ రాక్, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సాగే రాక్ సంగీతం, వినే కుర్రకారు ఆమె కీర్తనలు వెతుక్కుని వింటున్నారు.

వానలేని ఇంకో పీఠభూమి

మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది 55 సెంటీమీటర్ల వాన. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రపు అల్బుకర్కీలో పాతిక సెంటీమీటర్లు కూడా పడదు. అదీ ఎత్తయిన పీఠభూమే. అక్కడ ఒకే వాద్యంతో, ఒకే బ్యాండుతో సరిపెట్టుకోని ఇండీ కళాకారులు కొందరున్నారు. వాళ్ళ కథ మనకు చాలా దగ్గరిది.

జెరెమీ బార్న్స్ 'న్యూట్రల్ మిల్క్ హోటల్' అనే బ్యాండులో డ్రమ్మర్. 1998లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బమ్ ఇండీ రాక్‌లో ఇవాళ్టికీ చెప్పుకునేది. అందులో జూలియన్ కోస్టర్ అనే అతను రంపాన్ని వంచి దానిమీద కమాను లాగి రాగం తీశాడు, బాంజో కూడా వాయించాడు. ఆ బ్యాండు ఆగిపోయాక బార్న్స్ అకార్డియన్ పట్టాడు. అకార్డియన్ వాయిస్తూనే డ్రమ్ములు కూడా కొట్టే ఒంటి మనిషి కచేరీలు చేశాడు. హెదర్ ట్రోస్ట్ వయొలిన్‌తో కలిశాక అది 'ఎ హాక్ అండ్ ఎ హాక్‌సా' అనే జంట అయింది. అదే రాష్ట్రంలో జాక్ కాండన్ అనే కుర్రవాడు ఉన్నాడు. చిన్నప్పుడు మణికట్టుకు దెబ్బ తగిలి గిటారు సరిగ్గా పట్టలేకపోయాడు. చిన్న మెడ ఉన్న యుకులేలే పట్టాడు, ట్రంపెట్ ఊదాడు, మిగతావి కూడా చాలావరకు తానే వాయించి ఇంట్లోనే రికార్డు చేసుకున్నాడు. దానికి బార్న్స్, ట్రోస్ట్ తోడయ్యారు. 2006లో 'బేరూట్' పేరుతో 'గులాగ్ ఆర్కెస్టార్' వచ్చేసరికి కాండన్‌కు ఇరవై ఏళ్ళు.

ఆ కుర్రవాడి మనసు దోచిన సంగీతం తూర్పు ఐరోపా బ్యాండు మేళం. పెళ్ళిళ్ళలో, చావుల్లో వాయించే పల్లెటూరి ట్రంపెట్లు. బార్న్స్ ఆ మేళం కోసం రొమేనియా దాకా పోయి, జెచె ప్రజీని అనే పల్లెకు చెందిన బృందం 'ఫాన్‌ఫారె చొకర్లియా' వాళ్ళతో కలిసి రికార్డు చేశాడు. ఆ పల్లెవాళ్ళు అంతకుముందు తమ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో వాయించుకునేవాళ్ళే. 1996లో హెన్రీ ఎర్న్‌స్ట్ అనే జర్మన్ సౌండు ఇంజనీరు ఆ ఊరికి పోయి విన్నాడు. అక్కడినుంచి వాళ్ళు దేశదేశాలు తిరిగారు.

మరి మన మెరవణిలో ఊదేవాళ్ళు?

శింగనమల, నార్పల, బుక్కరాయసముద్రం, గార్లదిన్నె మండలాల్లో పెళ్ళి మెరవణి చూడండి. ముందు తప్పెట్లు, వెనక ట్రంపెట్లు, క్లారినెట్, సైడ్ డ్రమ్, బండి మీద కీబోర్డు. కీబోర్డు వాయించే చెయ్యి మొన్న గుడి భజనలో హార్మోనియం మీద ఉన్నదే అయి ఉంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ముహూర్తాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అప్పుడు ట్రంపెట్ వచ్చినవాడు నిన్న ఒక బ్యాండు సెట్టులో, నేడు ఇంకోదాంట్లో ఉంటాడు. యూనిఫారం కోటు మారుతుంది, మనిషి అదే. డ్రమ్ముకు రావలసినవాడు రాకపోతే ట్రంపెట్ దించి డ్రమ్ము తగిలించుకుంటాడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్ళిళ్ళుండవు. చవితి పందిళ్ళు, పౌరాణిక నాటకాలు, పీర్ల పండుగ కలిస్తేనే ఏడాది గడుస్తుంది. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ మన నార్పల మండలంలోదే. హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే ఆ పండుగలో తప్పెట మోగనిదే అడుగు పడదు. శెనక్కాయ పంట పోయిన ఏడాది పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి. దెబ్బ నేరుగా మేళగాళ్ళకు తగులుతుంది.

ఉరుము సంగతి వేరే చెప్పాలి. మన జిల్లా గర్వంగా చెప్పుకునే వాద్యం అది. రెండు ముఖాల డోలు. ఒకవైపు పుల్లతో కొడతారు. రెండోవైపు వంపు పుల్లను చర్మం మీద రాస్తారు, దాంతో లోపలినుంచి గుర్రుమని మూలిగినట్టు శబ్దం వస్తుంది. కొట్టడం ఒక చేతి విద్య, రాయడం ఇంకో చేతి విద్య. అమ్మవార్ల జాతరల్లో ఇది మోగుతుంటే పక్క మనిషి మాట వినిపించదు.

నా బాధ ఒక్కటే. పెళ్ళి వీడియోల్లో మేళం కనిపిస్తుంది గానీ వినిపించదు. ఎడిటింగులో దానిమీద సినిమా పాట అతికిస్తారు. ఆ రోజు ఊదినవాడి ఊపిరి అక్కడే చెరిగిపోతుంది. వీడియో తీయించుకునేవాళ్ళు అయిదు నిమిషాలైనా అసలు శబ్దం ఉంచమని అడగండి. మేళగాళ్ళ పేర్లు కిందవేయమని అడగండి. మన ఊళ్ళకు హెన్రీ ఎర్న్‌స్ట్ వచ్చినా రాకపోయినా, ముందు మన దగ్గర అది ఉండాలి.

శబ్దం ఆపేసిన కీబోర్డు

ఇంగ్లండు బ్యాండు 'రేడియోహెడ్' గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ బడిలో ఉండగా నేర్చింది వయోలా. అన్న ఉన్న బ్యాండులో చిన్నవాడిగా చివర చేరాడు. మొదట మౌత్ ఆర్గన్, తర్వాత కీబోర్డు. అంతకుముందున్న కీబోర్డు కుర్రవాడు మరీ గట్టిగా వాయిస్తాడని వాళ్ళకు నచ్చలేదు. అందుకని గ్రీన్‌వుడ్ నెలల తరబడి శబ్దం ఆపేసి వాయించేవాడట. ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. ఎవరూ గమనించలేదు. ఆ నెలల్లో ఇంటికి పోయి పాటల స్వరాలన్నీ కూర్చుకుని, తర్వాత కొంచెం కొంచెంగా శబ్దం పెంచాడు. పలువాద్యాల వాళ్ళ అసలు విద్య నాకు ఇందులో కనిపిస్తుంది. చేతిలో ఎన్ని వాద్యాలున్నాయన్న లెక్క తర్వాత. ఈ పాటకు ఏది కొరవ, ఎక్కడ ఊరుకోవాలి అన్న వివేకం ముందు. 2015లో ఆయన జోధ్‌పూర్ కోటలో రాజస్థానీ ఖవ్వాలులతో, ట్రంపెట్ల వాళ్ళతో కలిసి 'జునూన్' రికార్డు చేశాడు. అందులో తన గిటారు చాలాచోట్ల వెనకే ఉంటుంది.

వయోలా అంటే బాలమురళి

ఆ వయోలానే కర్ణాటక కచేరీలో కూర్చోబెట్టినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. గాత్రం లోకమంతా ఎరుగును. వయొలిన్, వయోలా, వీణ, మృదంగం, కంజిర కూడా వాయించేవారని, పెద్ద విద్వాంసుల పక్కన పక్కవాద్యంగా కూర్చున్నారని కొత్త తరానికి అంతగా తెలియదు. పదిహేనేళ్ళకు 72 మేళకర్తలన్నిటిలోనూ కృతులు కట్టిన మనిషి, ఇంకొకరి పాటకు పక్కవాద్యం వాయించడం చిన్నతనం అనుకోలేదు.

గురువుకు మాండలిన్ రాదు

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తన తండ్రి మాండలిన్‌ను చేత పట్టుకున్నది ఆరేళ్ళ వయసులో. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. వేళ్ళను అనుసరించే వీలు లేనందువల్లే గొంతులోని గమకాన్ని పట్టే కొత్త దారి ఆ పిల్లవాడికి దొరికింది. మామూలు మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. జంట తీగ మీద గమకం లాగడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు ఒంటి తీగలే పెట్టుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 'డ్రీమ్', ఆ తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'. 2014 సెప్టెంబర్ 19న నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఇదే మెక్‌లాగ్లిన్ 2008 నాటి 'ఫ్లోటింగ్ పాయింట్'లో శ్రీనివాస్ తమ్ముడు రాజేష్ మాండలిన్ వినవచ్చు. శ్రీనివాస్ శిష్యుల్లో ఒకరు దేవిశ్రీప్రసాద్.

సినిమా వాళ్ళూ ఈ బడిలోనే చదివారు

మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చినవాళ్ళలో ఇళయరాజా ఒకరు, తర్వాతి తరంలో రెహమాన్ ఇంకొకరు. ఇళయరాజా గిటారు పట్టుకుని సలీల్ చౌదరి దగ్గర వాయించారు, జి.కె. వెంకటేశ్‌కు సహాయకుడిగా చాలా ఏళ్ళు పనిచేశారు. రెహమాన్ తొమ్మిదేళ్ళకు తండ్రిని పోగొట్టుకున్నారు. తండ్రి వదిలిపోయిన వాద్యాలను అద్దెకిచ్చి ఆ ఇల్లు గడిచింది. చిన్నవయసులోనే ఇళయరాజా బృందంలో కీబోర్డు. తర్వాత మన రమేశ్‌నాయుడు, రాజ్-కోటిల దగ్గర కూడా. ఆ రోజుల్లోనే శివమణి, సురేశ్ పీటర్స్, జాన్ ఆంథనీలతో కలిసి 'రూట్స్' అనే రాక్ బ్యాండులో ఉన్నారు, సొంతంగా 'నెమెసిస్ అవెన్యూ' పెట్టారు. 'రోజా' వచ్చింది 1992లో.

తమన్ కథ కూడా ఇలాంటిదే. తండ్రి డ్రమ్మర్. తనూ చిన్నతనంలోనే డ్రమ్ముల దగ్గర కూర్చున్నారు. రాజ్-కోటి, మణిశర్మల దగ్గర పనిచేశారు. 2003లో శంకర్ తీసిన 'బాయ్స్' కుర్రవాళ్ళ బ్యాండు కథ. అందులో డ్రమ్మరు పాత్ర వేసింది తమనే.